ముందు వేరు, తర్వాత పువ్వు: సిక్కిం ఆర్కిడ్ల దారిలో

మొదటి రోజు: బాగ్డోగ్రా నుంచి గ్యాంగ్‌టక్

బాగ్డోగ్రా ఎయిర్‌పోర్టులో దిగి కారు ఎక్కుతూనే పిన్ని డ్రైవర్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. తను ఆపమన్నచోట ఆపాలి, ఎందుకని అడక్కూడదు. ఆయన నవ్వి సరేనన్నాడు. అక్కడ అందరూ పిలిచినట్టే మేమూ ఆయన్ని ‘దాజూ’ అనే పిలిచాం, నేపాలీలో అన్న అని. సెవోక్ ఊరు ఇంకా రాకముందే, సాల చెట్ల అడవిలో, ఆ ఒప్పందం అమల్లోకి వచ్చేసింది.

రోడ్డు పక్క ఒక సాల చెట్టు మీద, రెండు నిలువుల ఎత్తున, ఆకు ఒక్కటీ లేని సన్నటి కాడలు గుత్తిగా వేలాడుతున్నాయి. కాడ పొడుగునా లేత గులాబీ పూలు, ఒక్కో పువ్వుకి మీగడ రంగు పెదవి, అంటే మిగతావాటికి భిన్నంగా ముందుకి చాచుకున్న రేకు. డెండ్రోబియం అఫిల్లం. చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి, ఎండుపుల్లల కట్టలా పడి ఉండి, ఎండలు ముదిరే ముందు ఇలా ఒక్కసారిగా పూస్తుంది. నేను ఫోన్ తీసి జూమ్ చేస్తున్నాను. పిన్ని మాత్రం బైనాక్యులర్స్ పెట్టుకుని పూల వైపు కాకుండా కాడల మొదట్లోకి చూస్తోంది.

“పువ్వు నాలుగు రోజులుంటుందిరా. మొక్క ఎలా బతుకుతోందో చెప్పేది వేరు” అంది.

ఆర్కిడ్లు పెంచేవాళ్లంతా ఇంతేనేమో. చెట్టెక్కి బతుకుతుంది కాబట్టి ఇది బదనికలా చెట్టు రసం పీలుస్తుందని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. చెట్టు దానికి నిలబడే చోటు మాత్రమే. తిండీ నీళ్లూ వానలోంచి, మంచులోంచి, బెరడు మీద పేరుకున్న చెత్తలోంచి తెచ్చుకుంటుంది. అందుకు దాని వేరు చుట్టూ స్పాంజి లాంటి పొర ఒకటి ఉంటుంది, వెలామెన్ అంటారు. ఎండినప్పుడు వెండిలా తెల్లగా ఉంటుంది. తడి తగిలిందంటే లోపలి పచ్చదనం పైకి తేలి, వేరు మొత్తం ఆకుపచ్చగా మారిపోతుంది. పిన్ని నీళ్లసీసా తెరిచి, చెట్టు కింద పడి ఉన్న కొమ్మ మీది వేరు ఒకదానిపై నాలుగు చుక్కలు పోసి చూపించింది. మేం చూస్తుండగానే రంగు తిరిగింది. దాజు కూడా వంగి చూశాడు. “చిన్నప్పటి నుంచీ సునాఖరి చూస్తున్నా, ఇది మాత్రం చూళ్లేదు” అన్నాడు. సునాఖరి అంటే నేపాలీలో ఆర్కిడ్.

ఆ తర్వాత దారంతా తీస్తా పక్కనే. 2023 అక్టోబర్‌లో ఎగువన సౌత్ ల్హోనాక్ సరస్సు తెగి వచ్చిన వరద తెచ్చిపోసిన ఇసుక మేటలు నది పొడుగునా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. రెండుచోట్ల రోడ్డు పని వల్ల ఆగాం. గ్యాంగ్‌టక్ చేరేసరికి చీకటి పడింది.

రెండో రోజు: గ్యాంగ్‌టక్

రిడ్జ్ మీద, వైట్‌హాల్ దిగువన, పూల ప్రదర్శన కేంద్రం ఉంది. వసంతంలో వెళ్తే కళ్లు చెదిరిపోతాయి. ముఖ్యంగా సింబీడియం అనే ఆర్కిడ్లు. కత్తుల్లా పొడుగాటి ఆకుల మధ్య నుంచి లేచిన గెలకి పది పన్నెండు పూలు, ఒక్కోటీ అరచేతిలో సగం. పసుపు, గులాబీ, ఆకుపచ్చ, రాగి రంగు.

జనం సెల్ఫీల్లో ఉంటే పిన్ని మార్కులు వేసే పనిలో పడింది. షోలో పువ్వుని చూసే పద్ధతి వేరు. అమెరికన్ ఆర్కిడ్ సొసైటీ లెక్కలో మొత్తం 100 పాయింట్లు. సాధారణంగా రూపానికి 30, రంగుకి 30, మిగిలిన 40 పువ్వు సైజుకి, రేకు మందానికి, గెల తీరుకి. 75 దాటితే హెచ్‌సీసీ (హైలీ కమెండెడ్ సర్టిఫికెట్), 80 దాటితే ఏఎం (అవార్డ్ ఆఫ్ మెరిట్), 90 దాటితే ఎఫ్‌సీసీ (ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్). చివరిది బహు అరుదు. రూపం అంటే, రేకులు వెడల్పుగా, బల్లపరుపుగా, మధ్యలో ఖాళీ లేకుండా, కాంపస్‌తో గీసినట్టు గుండ్రంగా ఉండాలి. రేకు వెనక్కి వంగిందా, మెలి తిరిగిందా, పాయింట్లు పోయినట్టే.

షోకి మొక్కని తయారుచేయడం కూడా ఒక విద్యే. గెలలో మొగ్గలు కనిపించాక కుండీని ఇటూ అటూ తిప్పకూడదు. మొగ్గలు వెలుతురు వైపు తిరుగుతాయి కాబట్టి కుండీ జరిపితే ఒక పువ్వు తూర్పుకీ ఇంకో పువ్వు పడమరకీ చూస్తూ విచ్చుకుంటాయి. గెల మెత్తగా ఉన్నప్పుడే కర్ర కట్టి నిలబెట్టాలి. ముదిరాక వంచితే విరుగుతుంది. వెళ్లే ముందు రోజు ఆకుల మీది నీటి మరకలు తుడవాలి. ఇవన్నీ పిన్ని ఒక గులాబీ సింబీడియం ముందు నిలబడి చెప్పింది. ఆ గెలలో మూడో పువ్వు పక్కకి తిరిగి ఉంది. “కుండీ జరిపారు” అంది, అదేదో తన సొంత మొక్కకే అన్యాయం జరిగినట్టు.

నాకు ఎక్కువ నచ్చింది అక్కడి పేరు చీటీలు. ఆర్కిడ్ పేరు చీటీ అంటే ఇంటిపేరుతో సహా వంశవృక్షం. ముందు ప్రజాతి (జీనస్), తర్వాత సంకరం (హైబ్రిడ్) పేరు, సింగిల్ కొటేషన్లలో ఆ ఒక్క మొక్క పేరు, చివర మెడల్ వస్తే ఆ అక్షరాలు. ఫలానా తల్లీ ఫలానా తండ్రీ అని లెక్క రాయడం ఈ రంగంలో పాత అలవాటు. మనుషులు చేసిన తొలి ఆర్కిడ్ సంకరం 1856లో ఇంగ్లాండులో పూసింది, జాన్ డామినీ పెంచిన కలాంథి అనే రకం ఆర్కిడ్. 1906లో ఆర్కిడ్ల వ్యాపారి ఫ్రెడరిక్ శాండర్ అప్పటిదాకా వచ్చిన సంకరాలన్నిటికీ జాబితా వేశాడు. 1961 నుంచి ఆ రిజిస్టర్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ చేతిలో ఉంది. కాబట్టి చీటీ ఉన్న సంకరం ఏదైనా సరే, తాతముత్తాతల దాకా వెనక్కి వెళ్లొచ్చు.

అలా వెళ్తే తేలేది ఒక తమాషా. సింబీడియంలలో తొలి సంకరం 1889 నాటిది. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన ఎబర్నియం ఈ తూర్పు హిమాలయాల మొక్కే. ఇక్కడి నుంచి ఓడెక్కి వెళ్లి, గాజు ఇళ్లలో తరతరాలుగా సంకరమై, గుండ్రటి ముఖం తెచ్చుకుని, ల్యాబ్ సీసాల్లో మొలకలుగా మళ్లీ ఇక్కడికే వచ్చి పాలీహౌసుల్లో పెరుగుతోంది ఆ వంశం. అత్తారింటి నుంచి వచ్చిన ఆడపడుచు ఈ అడవిలోని చుట్టాన్ని గుర్తుపడుతుందా అంటే అనుమానమే.

సాయంత్రం దేవ్‌రాలీ వైపు నడిచాం. టిబెటాలజీ సంస్థ చుట్టుపక్కల చెట్ల మీద డెండ్రోబియం నోబిలే పూసి ఉంది. సిక్కిం రాష్ట్ర పుష్పం. తెల్లటి రేకులకి ఊదా కొసలు, గొంతులో ముదురు మెరూన్ మచ్చ. దీన్ని కొనుక్కెళ్లిన మైదానం వాళ్లు సాధారణంగా చెప్పే ఫిర్యాదు ఒకటే, పూయడం లేదని. ఇది చలికాలంలో చల్లటి రాత్రులు చూడాలి, నీళ్లు దాదాపు మానేయాలి. జాలిపడి నీళ్లు పోస్తూ పోతే పూమొగ్గ రావాల్సిన కణుపు దగ్గర పిల్ల మొక్క వస్తుంది. పెంచేవాళ్లు దాన్ని కీకీ అంటారు. అలా మొక్కలు పెరుగుతూ పోతాయి, పువ్వు మాత్రం రాదు.

మూడో రోజు: పాక్యోంగ్

భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రం ఉన్నది ఇక్కడే, 1996 నుంచి. ముందుగా అడిగి, అనుమతి తీసుకునే వెళ్లాం.

ఆర్కిడ్ విత్తనాన్ని ఎప్పుడూ చూడనివాళ్లకి ఒక మాట. అది విత్తనం అనిపించదు, దుమ్ము అనిపిస్తుంది. ఎండిన కాయ పగిలితే లక్షల్లో ఎగిరిపోతాయి. కొన్ని జాతుల్లో ఒక్క కాయలోనే 30 లక్షలకు పైగా లెక్కపెట్టారు. అంత తేలిక ఎందుకంటే లోపల తిండి లేదు. వడ్లగింజలో బియ్యం ఉన్నట్టు మొలకకి కావాల్సిన నిల్వ ఏదీ ఇందులో ఉండదు. అందుకే మొలకెత్తాలంటే ఎవరో ఒకరు తినిపించాలి. అడవిలో ఆ పని చేసేది ఒక శిలీంధ్రం. దాని పోగులు విత్తనంలోకి చొరబడి చక్కెరలు అందిస్తాయి. దీన్ని కనిపెట్టింది ఫ్రాన్స్‌కి చెందిన నోయెల్ బెర్నార్డ్, 1899లో. అప్పటిదాకా గాజు ఇళ్ల తోటమాలులు విత్తనాన్ని తల్లి కుండీలోనే చల్లి దేవుడి మీద భారం వేసేవారు. ఆ కుండీలో శిలీంధ్రం ఉంటే మొలిచేది, లేకపోతే లేదు.

1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ శిలీంధ్రాన్ని పక్కనపెట్టేశాడు. అగార్‌లో, అంటే సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీలో, చక్కెర, లవణాలు కలిపి, సీసాని శుభ్రంగా మరిగించి, అందులో విత్తనం చల్లితే మొలిచింది. 1960లో జార్జ్ మోరెల్ సింబీడియం కొస కణజాలం నుంచి అచ్చం అదే మొక్కకి నకళ్లు తీసే దారి చూపించాడు. షోలో మెడల్ కొట్టిన మొక్క ఒకప్పుడు ఒకరి ఇంట్లోనే ఉండేది, ఆ తర్వాత వేల ఇళ్లకి చేరింది.

పాక్యోంగ్‌లో వరసగా పేర్చిన ఫ్లాస్కుల ముందు నిలబడితే ఈ చరిత్రంతా కళ్లముందే ఉంటుంది. ఒకదానిలో పచ్చటి ఆవగింజల్లాంటి ప్రోటోకార్మ్‌లు, విత్తనం మొలిచిన తొలి దశ. వాటికి ఇంకా ఆకూ లేదు, వేరూ లేదు. పక్కదానిలో రెండాకులు. ఆ పక్కన అగార్‌లో గాజుకి అతుక్కుపోయిన వేర్లు. పిన్ని ముఖం విప్పారింది. సీసాలో అయితే వేరు దాచుకోవడానికి లేదు కదా. ఇక్కడి నుంచి సింబీడియం పూతకి రావాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది.

తర్వాత సింబీడియం పాలీహౌసు. పక్కలంతా నెట్ కట్టి ఉంది. వేడి తగ్గడానికేమో అనుకున్నాను. అసలు కారణం తుమ్మెద. సింబీడియం పువ్వు నడుమ కాలమ్ అనే చిన్న స్తంభం, దాని కొసన ఒక చిన్న మూత, దాని కింద పసుపు రంగు పుప్పొడి ముద్ద. తుమ్మెద దూరి ఆ ముద్దని వీపుకి అంటించుకుపోతే చాలు, పువ్వు తన పని అయిపోయిందనుకుంటుంది. పెదవి తెలుపు నుంచి ఎర్రగా కందిపోతుంది, రేకులు వాడతాయి. వారాల తరబడి తాజాగా ఉండాల్సిన పువ్వు రోజుల్లో పోతుంది. నెట్ చిరిగిన మూల దగ్గర గెల ఒకటి చూశాం. తొమ్మిది పూలు, అందులో రెండింటికి మాత్రం పెదవి ఎర్రబారి ఉంది, లిప్‌స్టిక్ వేసినట్టు. తుమ్మెద ఎక్కడెక్కడ వాలిందో పేరు పేరునా తెలిసిపోతోంది. అమ్మేవాడికి అది నష్టం. అడవిలో అయితే ఆ రెండు పూలే గెలిచినట్టు.

నాకు అప్పుడే అనిపించింది, పెంచడం, చూపించడం, కాపాడడం మూడూ ఒకటే పని అనుకుంటాం కానీ దేని దారి దానిదని. షో కోసం ఎంచిన మొక్క గుండ్రంగా ఉండాలి. అమ్మకానికి పెంచినదానికి తుమ్మెద తగలకూడదు. అడవికి కావాల్సింది తుమ్మెదని పిలిచే పువ్వు, మోసే చెట్టు, విత్తనానికి తినిపించే శిలీంధ్రం. సీసాలో పుట్టిన మొక్కల్ని తీసుకెళ్లి చెట్లకి కట్టేస్తే అడవి నిండిపోదు. ఆ చోటి మొక్కల నుంచే విత్తనం తీసి, ఆ చోటే పెంచి పెట్టాలి. అందుకే ఈ మొక్క ఎక్కడిది అన్న ప్రశ్నకి జవాబు లేకపోతే ఎంత అందమైన మొక్క అయినా సంరక్షణకి పనికిరాదు. ఆ రోజు నుంచి ఎక్కడికెళ్లినా నేనూ అదే అడగడం మొదలుపెట్టాను.

నాలుగో రోజు: ఫాంబోంగ్ ల్హో

గ్యాంగ్‌టక్ నుంచి ఎదురుగా కనిపించే కొండ మీది అభయారణ్యం. అటవీశాఖ అనుమతి తీసుకుని లోపలికి నడిచాం. పైకి పోయే కొద్దీ ఓక్ చెట్లు, వాటి కొమ్మల నిండా పాచి, ఆ పాచిలో ఆర్కిడ్లు.

ఇక్కడ పూలు వెతుక్కోవాలి. నిన్నటి పాలీహౌసు చూసిన కంటికి మొదటి గంట ఏమీ కనిపించదు, అంతా ఆకుపచ్చే. తర్వాత ఒక్కొక్కటీ బయటపడతాయి. నడుం ఎత్తు కొమ్మ మీద సీలోజినీ క్రిస్టాటా. ద్రాక్షపండంత నుంచి కోడిగుడ్డంత వరకు మెరిసే పచ్చటి బల్బులు (నీళ్లు దాచుకునే ఉబ్బిన కాడలు), వాటి కింద నుంచి వంగి వేలాడే తెల్లటి పూలు, పెదవి మీద పసుపు రంగు కుచ్చు. సీజన్ చివర కావడంతో సగం వాడాయి. రేకులు అలల్లా వంకర. షోలో పెడితే రూపానికి మార్కులు రావు. దాని కింద, బొటనవేలంత ప్లియోనీ ఆర్కిడ్ ఒకటి, చిన్న బల్బు మీద తన కంటే పెద్ద పువ్వుతో, అంచు చిరుగుల పెదవి మీద ముదురు గీతలతో.

దారికి అడ్డంగా పాత ఓక్ ఒకటి కూలి ఉంది. దాని మీద లెక్కపెడితే ఆరు రకాల ఆర్కిడ్లు, పువ్వు లేకుండా ఆకుని బట్టి పిన్ని పోల్చగలిగినవే అన్ని. సిక్కింలో 500కు పైగా జాతులున్నాయని చదవడం వేరు, ఒక్క మానుకి ఇన్ని బతుకులు వేలాడటం చూడటం వేరు. చెట్టు నేల మీద పడ్డాక నీడా గాలీ మారిపోయి ఇవీ మెల్లగా పోతాయి. ఒక పెద్ద చెట్టు కొట్టడమంటే ఏమిటో లెక్క వేసుకోవచ్చు. పిన్ని పడిపోతున్న ఒక ముక్కని తీసి పక్క చెట్టు పంగలో పెట్టింది. సంచిలో మాత్రం వేసుకోలేదు, అభయారణ్యంలోంచి ఆకు కూడా బయటికి తేకూడదు. వాన మొదలైంది. జలగలు మా రాక గమనించాయి. దిగిపోయాం.

ఐదో రోజు: కాలింపాంగ్

దిగే దారిలో ఒక మలుపు దగ్గర, టీ కొట్టు పక్కన, గోనెసంచి పరిచి ఆర్కిడ్లు అమ్ముతున్నారు. దాజు చెప్పకముందే పిన్ని కారు ఆపించింది. ఒక మొక్క చేతిలోకి తీసుకుని, పువ్వు వంక చూడకుండా తిరగేసింది.

అడవిలోంచి పీకిన మొక్కని పోల్చడానికి పెద్ద చదువక్కర్లేదు. వేర్లు తెగి ఉంటాయి, తెగినచోట బెరడు ముక్కలు అతుక్కుని ఉంటాయి. బల్బుల మీద పాచి, ఆకుల మీద పురుగు కొరికిన కంతలు. ఒకే జాతి మొక్కలు ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ, దేని ఆకారం దానిది. నర్సరీ మొక్క అలా ఉండదు. వేర్లు కుండీ ఆకారంలో చుట్టుకుని ఉంటాయి, అన్నీ ఒకే ఈడు, పేరు చీటీ ఉంటుంది. మేం చూసినదానికి ఒక వేరు కొసన ఓక్ బెరడు పెచ్చు అలాగే ఉంది.

“ఎక్కడిది బాబూ?” అని అడిగింది పిన్ని హిందీలో. అతను కొండ వైపు చెయ్యి చూపించాడు. దాపరికమేమీ లేదు. నిలదీయాలనిపించలేదు. కొనేవాళ్లు ఆగితేనే కదా అతను సంచి పరిచేది. ఆ మొక్క మైదానం వేడిలో ఒక ఎండాకాలం కూడా బతకదని మాత్రం తెలుసు. కొనకుండా వచ్చేశాం, టీ తాగి.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. 1850లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఖాసీ కొండల్లో నీలి వాండా అనే ఆర్కిడ్‌ని ఏడుగురు మనుషులు మోసేంత ఏరించి లండన్‌లోని క్యూ తోటకి పంపాడు. దారిలో దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఇంకొకాయన ఒక్క మోపు పంపితే, వాడిపోయి చేరినా, లండన్‌లో 300 పౌన్లు పలికింది. హుకరే రాసుకున్న సంగతి ఇది. ఇప్పుడు మొత్తం ఆర్కిడ్ కుటుంబం సైటిస్ కింద, అంటే అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది, చెప్పు ఆకారం పూలుండే పాఫియోపెడిలంలు మరీ కఠినమైన మొదటి అనుబంధంలో. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా పాఫియోపెడిలంలకి, నీలి వాండాకి, ఎర్ర వాండాకి రక్షణ ఇచ్చింది. పువ్వు కోసమే కాదు, మందు కోసమూ పీకుతున్నారు. ఆయుర్వేదంలోని అష్టవర్గంలో సగం, అంటే జీవకం, ఋషభకం, ఋద్ధి, వృద్ధి, ఆర్కిడ్లేనని గుర్తిస్తారు. హిమాలయాల్లో చెట్టు మీద కాక నేలలో పెరిగే ఆ ఆర్కిడ్ల దుంప తవ్వితే మొక్క మొత్తం పోయినట్టే.

కాలింపాంగ్‌లో నర్సరీకి వెళ్లాక మళ్లీ ప్రాణం లేచొచ్చింది. అక్కడ చీటీ లేని కుండీ లేదు. మచ్చల ఆకుల పాఫియోపెడిలం వెనస్టం ఒకటి చివరి పువ్వుతో ఉంది, సంచిలాంటి పెదవి మీద ఆకుపచ్చ ఈనెలు. పురుగు ఆ సంచిలో జారిపడి, వెనక వైపు సన్నటి దారిలోంచి మాత్రమే బయటపడాలి, పుప్పొడి వీపుకి రాసుకుంటూ. ప్రతిఫలంగా తేనె కూడా ఇవ్వదు, శుద్ధ మోసం.

పిన్ని మొలకలున్న ఫ్లాస్కు ఒకటి కొంది. విదేశాలకి వెళ్లే ఫ్లాస్కులకి సైటిస్ కాగితాలు అక్కర్లేకుండా మినహాయింపు ఉందని నర్సరీ ఆయన చెప్పారు. సీసాలో మొలిచిన మొక్క అడవిలోంచి పీకింది కాదని ఆ సీసానే సాక్ష్యం. బిల్లు మీద జాతి పేరు రాయించుకునేదాకా పిన్ని కదల్లేదు.

చివరి రోజు: మంగ్‌పూ మీదుగా బాగ్డోగ్రా

సింకోనా తోటల ఊరు, క్వినైన్ మందు వచ్చేది ఆ చెట్టు బెరడు నుంచే. టాగోర్ బస చేసిన ఇల్లు మ్యూజియంగా ఉంది, చూశాం. మేం దారి మళ్లించుకున్నది మాత్రం రాబర్ట్ పాంట్లింగ్ కోసం. క్వినైన్ తోట ఉద్యోగి. ఇక్కడి లెప్చా తెగ సహాయకులు అడవిలోంచి తెచ్చిన మొక్కల్ని చూసి బొమ్మలు గీసి, వృక్షశాస్త్రవేత్త జార్జ్ కింగ్‌తో కలిసి 1898లో సిక్కిం హిమాలయాల ఆర్కిడ్ల గ్రంథం తెచ్చాడు, దాదాపు 450 జాతులతో. ఏ పువ్వు ఏ లోయలోదో, ఎంత ఎత్తులోదో, ఏ నెలలో పూస్తుందో అందులో ఉంటుంది. ఇప్పటికీ ఇక్కడ పనిచేసేవాళ్లు తిరగేసే పుస్తకం. తెచ్చినవాళ్ల పేర్లు కూడా చీటీల మీద ఉండి ఉంటే బాగుండేది.

ఎవరైనా వెళ్లాలనుకుంటే: డెండ్రోబియంలు, సింబీడియంలు చూడాలంటే మార్చి, ఏప్రిల్. నీలి వాండా, పాఫియోపెడిలం ఫెయిరియానం చూడాలంటే అక్టోబర్, నవంబర్. గ్యాంగ్‌టక్ వరకు భారతీయులకి పర్మిట్ అక్కర్లేదు, నాథులాకీ ఉత్తర సిక్కింకీ కావాలి. వర్షాకాలంలో తీస్తా రోడ్డు ఎప్పుడు మూస్తారో ఎవరూ చెప్పలేరు, తిరుగు విమానానికి ఒక రోజు మిగుల్చుకోండి. పాక్యోంగ్‌లో ఎయిర్‌పోర్టు ఉంది కానీ మంచు కమ్మితే అంతే సంగతి. ఫ్లాస్కు కొంటే నిలువుగా పట్టుకుని చేతిసామానులోనే తెచ్చుకోండి. అగార్ తిరగబడితే మొక్కలు కలిసిపోతాయి. ఇంటికి వచ్చాక వెంటనే సీసా పగలగొట్టకుండా వారం పది రోజులు నీడలో ఉంచి, తర్వాత అగార్ మొత్తం పోయేలా వేర్లు గోరువెచ్చటి నీళ్లలో కడిగి, తడి పాచిలో నాటండి. అగార్ ముక్క మిగిలితే బూజు పడుతుంది.